పదివేల చుక్కల్లో ఒక ముఖం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తెర మీద మనకి నచ్చిన మనిషిని నూరు చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, నూరు చుక్కల ఎత్తు ఉన్న చదరంలో కూర్చోబెట్టి, రంగులు దిద్ది, ఐకాన్‌గా మన పేరు పక్కన పెట్టుకుంటాం. ఆ పని నేను పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే బాధ చెప్పుకున్నాయి: ముఖం రంగు చెడిపోతోందని. కాబట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, ఐకాన్ కలరింగ్ పాఠం ఒకటి చూసి, అందులో చెప్పిన అంకెలన్నీ పొల్లుపోకుండా ఫోటోషాప్‌లో వేశాను. వాళ్ల ఐకాన్‌లో అమ్మాయి ముఖం బంగారంలా మెరుస్తోంది. నాకేమో మా హీరోయిన్ ముఖం బూడిద పూసినట్టు, మాసిన ఊదా రంగులో వచ్చింది. మూడుసార్లు మొదటి నుంచి చేశాను. లేయర్ల (బొమ్మ మీద ఒకదానిపై ఒకటి పరిచే పొరల) వరస, రెండు ఐకాన్లు జతచేశాను. నేనెక్కడ తప్పు చేశాను? – కాలేజీ విద్యార్థిని

జవాబు: చెల్లీ, నువ్వేం తప్పు చేయలేదు. ఆ అంకెలు నీ బొమ్మ కోసం పుట్టినవి కావు. ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా తెచ్చి తొడిగితే భుజాల దగ్గర పట్టేస్తుంది కదా. ఎక్కడ పట్టేసిందో చూద్దాం.

నువ్వు పంపిన వరసలో నాలుగో లేయర్ ముదురు నీలం. ఎరుపు 10, ఆకుపచ్చ 20, నీలం 80. మోడ్ (పై పొర కింది బొమ్మతో కలిసే పద్ధతి) ఎక్స్‌క్లూజన్, ఒపాసిటీ (పొర ఎంత గట్టిగా కనబడాలన్నది) నూటికి నూరు. చిక్కంతా దాని దగ్గరే ఉంది.

ఎక్స్‌క్లూజన్ అన్న పేరు చూస్తే అది ఏం చేస్తుందో ఎవరికీ అర్థం కాదు. లెక్క మాత్రం చిన్నదే. కింద ఉన్న అంకెని, పైన ఉన్న అంకెని కలుపు. ఆ రెండిటినీ గుణించి, రెట్టింపు చేసి, 255తో భాగించు. వచ్చినదాన్ని ఆ మొత్తంలోంచి తీసెయ్యి. ఎరుపుకి, ఆకుపచ్చకి, నీలానికి విడివిడిగా ఇదే లెక్క. 0 నుంచి 255 వరకు ఉన్న మెట్లలో సరిగ్గా నడిమి మెట్టు దగ్గర ఇది ఏమీ మార్చదు. అంతకంటే చీకటిగా ఉన్నదాన్ని పైకి లేపుతుంది, వెలుతురుగా ఉన్నదాన్ని కిందికి దించుతుంది.

ఇప్పుడు పాఠంలో ఉన్న అమ్మాయిని చూడు. బాగా తెల్లటి మనిషి. ఆమె బుగ్గ మీద ఎరుపు 235, ఆకుపచ్చ 200, నీలం 180 ఉన్నాయనుకో. ఆ ముదురు నీలం పడ్డాక 227, 189, 147 అవుతాయి. నీలం ఏకంగా 33 మెట్లు దిగింది. నీలం దిగితే పసుపు బయటికి వస్తుంది. నువ్వు చూసిన బంగారు మెరుపు అదే.

మీ హీరోయిన్ చామనఛాయ. ఆమె బుగ్గ 140, 95, 70 అనుకో. అదే లేయర్ అదే ఒపాసిటీలో పడితే 139, 100, 106 అవుతుంది. నీలం 70 నుంచి 106కి ఎక్కి, ఆకుపచ్చని దాటిపోయింది. మనిషి చర్మంలో, మామూలు వెలుతురులో, ఎరుపు అన్నిటికంటే పైన, నీలం అన్నిటికంటే కింద ఉంటాయి. తెల్లటి వాళ్లకైనా నల్లటి వాళ్లకైనా ఆ వరస మారదు. నీలం ఆకుపచ్చ మీదికి ఎక్కిందంటే ముఖం ఊదాలోకి జారినట్టే. ఒకే లేయర్ ఒకరికి బంగారం పూసింది, ఇంకొకరికి బూడిద పూసింది. పాఠం రాసినవాళ్లు తమ ముందున్న బొమ్మకి సరిపోయిందే రాశారు. అది అందరికీ సరిపోతుందా అన్నది మనమే చూసుకోవాలి.

కాబట్టి ఏ లేయరూ వేయకముందే ఐడ్రాపర్ (చుక్క రంగు అంకెలు చూపే పనిముట్టు) పట్టుకో. పైన దాని సెట్టింగ్‌లో ఒక్క చుక్క కాకుండా 3×3 సగటు అని పెట్టుకో, లేకపోతే ఎక్కడో ఒక పిచ్చి చుక్క దొరికి మోసపోతావు. నుదురు, వెలుతురు పడిన బుగ్గ, దవడ కింద నీడ, ఈ మూడు చోట్ల అంకెలు చూసి కాగితం మీద రాసుకో. నా బల్ల మీద ఇందుకోసమే ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఎడమ పేజీలో కలరింగ్‌కి ముందు అంకెలు, కుడి పేజీలో తర్వాతి అంకెలు. ఒక్కో లేయర్ వేశాక మళ్లీ అవే మూడు చోట్లు చూస్తాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న వరస తిరగబడితే ఆ లేయర్ దగ్గరే ఆగిపోతాను. ఇలా చేస్తే పని నెమ్మదిగా సాగుతుంది నిజమే. కానీ ఆరో లేయర్ వేశాక ముఖం చూసి, తప్పు ఏ లేయర్‌లో ఉందో తెలియక అంతా చెరిపేయడం కంటే ఇదే నయం.

ఇక నీ ఐకాన్‌కి. నీడల్లో ఆ నీలం నీకు నచ్చిందని రాశావు. నాకూ నచ్చింది, జుట్టులోనూ వెనక గోడ మీదా చాలా బాగుంది. అది ఉంచు. ఎక్స్‌క్లూజన్ లేయర్‌కి మాస్క్ (నల్లగా పూసినచోట లేయర్‌ని దాచే తెర) తగిలించి, అంచు మెత్తగా ఉన్న నల్ల బ్రష్‌తో ముఖం, మెడ, చేతుల మీద రుద్దు. నూరు చుక్కల బొమ్మలో 12, 15 చుక్కల బ్రష్ చాలు. పూర్తిగా చెరపకు. బ్రష్ ఒపాసిటీ 70 దగ్గర పెడితే ముఖం మీద కొంచెం నీలం మిగిలి, మనిషి ఆ గదిలోనే ఉన్నట్టు ఉంటుంది. మొత్తం చెరిపేస్తే కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది.

లేదా ఎక్స్‌క్లూజన్ తీసేసి, సెలెక్టివ్ కలర్ (ఒక్కో రంగునీ విడిగా మార్చే పనిముట్టు)లో బ్లాక్స్ అన్న విభాగానికి వెళ్లి, ఎల్లోని మైనస్ 10కో 15కో లాగు. పసుపు తగ్గితే నల్లటి చోట్లలో నీలం వస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. సెలెక్టివ్ కలర్ దృష్టిలో బ్లాక్స్ అంటే జుట్టు, నీడలు మాత్రమే కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128 కంటే తక్కువ ఉన్న ప్రతి చుక్కా అందులోకి ఎంతో కొంత వస్తుంది. 110, 70, 50 ఉన్న నల్లటి ముఖం కూడా వస్తుంది. నల్లటి మనుషుల బొమ్మలకి రెడ్స్, ఎల్లోస్ మాత్రమే కాపాడుకుంటే చాలదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అక్కడా మాస్కే దిక్కు.

మార్చాక మళ్లీ పంపు. చూడాలని ఉంది.

ప్రశ్న: ముందు రంగులు దిద్ది తర్వాత చిన్నది చేయాలా, చిన్నది చేశాక దిద్దాలా?

జవాబు: చిన్నది చేశాకే. 1080 చుక్కల ఎత్తున్న ఫ్రేమ్‌లోంచి పూర్తి చదరం కత్తిరించి 100కి దించితే, పాత చుక్కలు దాదాపు 117 కలిసి ఒక కొత్త చుక్క అవుతాయి. ఆ సగటులో గరుకు చాలా మటుకు పోతుంది, చిన్న చిన్న రంగు తేడాలు కలిసిపోతాయి. పెద్ద బొమ్మ మీద మీరు గంటసేపు దిద్దిన పెదవుల మెరుపు అందులో ఒక్క చుక్కకి కూడా రాకపోవచ్చు. చివరికి కనిపించే బొమ్మ మీదే పని చేయండి. షార్పెన్ (అంచులు పదును చేయడం) కూడా చిన్నది చేశాకే, అదీ ఒక్కసారే. అన్‌షార్ప్ మాస్క్ అయితే రేడియస్ 0.3 దాటకండి. దాటితే ముఖం చుట్టూ తెల్ల గీత కనబడుతుంది.

కత్తిరించిన పెద్ద చదరాన్ని మాత్రం విడిగా దాచుకోండి. ఇప్పుడు చాలాచోట్ల ప్రొఫైల్ బొమ్మలు నూరు చుక్కల కంటే పెద్దవి అడుగుతున్నారు. నూరుని నాలుగువందలకి సాగదీస్తే ఏమీ మిగలదు.

ప్రశ్న: నేను వాడేది ఉచితంగా దొరికే గింప్. పాఠాలన్నీ సెలెక్టివ్ కలర్ అంటాయి, నాకది మెనూలో కనిపించదు. డబ్బు పెట్టి ఫోటోషాప్ తీసుకోక తప్పదా?

జవాబు: అక్కర్లేదు. నా మొదటి మూడేళ్ల ఐకాన్లన్నీ గింప్‌లోవే, వాటిలో కొన్ని ఇప్పటికీ నాకు ఇష్టం. మీకు కావలసింది ఆ పేరుతో ఉన్న పనిముట్టు కాదు కదా, ఒక రంగుని పట్టుకుని మిగతావి కదలకుండా దాన్ని జరపడం. గింప్‌లో హ్యూ-శాచురేషన్ తెరిస్తే ఆరు రంగులు విడివిడిగా ఉంటాయి. ఎరుపు ఎంచుకుని హ్యూని మూడు నాలుగు మెట్లు పసుపు వైపు జరపండి, గులాబీ కొట్టే ముఖం దారిలోకి వస్తుంది. రంగుల మధ్య అంచు గీసినట్టు తేడా కనబడితే అక్కడే ఉన్న ఓవర్‌ల్యాప్ పెంచండి. నీడల రంగుకి కలర్ బ్యాలెన్స్‌లో షాడోస్ ఉంది. అంతకంటే నాణ్యంగా కావాలంటే కర్వ్స్ (గీత వంచి వెలుతురు మార్చే పనిముట్టు)లో నీలం ఛానెల్ (నీలం అంకెలు మాత్రమే ఉన్న భాగం) ఒక్కటే తీసుకుని గీత ఎడమ చివరని కాస్త పైకి ఎత్తండి. పాఠాల్లో నాలుగు లేయర్లతో సాధించేది చాలాసార్లు ఈ ఒక్క కదలికే.

గింప్ పాత వెర్షన్లలో ఇవన్నీ బొమ్మని అక్కడికక్కడ మార్చేసేవి, వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవడం కష్టం. 2025లో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లని లేయర్ మీద అలాగే ఉంచి, తర్వాత ఎప్పుడైనా తెరిచి మార్చుకోవచ్చు. మీది పాతదైతే ముందు కొత్త వెర్షన్ వేసుకోండి. ఎక్స్‌క్లూజన్ లాంటి కొన్ని మోడ్‌లు 2.10కి ముందు లేవు కూడా.

సెలెక్టివ్ కలరే కావాలి, పాఠం అలాగే చేసి చూడాలి అనిపిస్తే బ్రౌజర్‌లో తెరుచుకునే ఫోటోపియాలో ఉంది. ఫోటోషాప్ ఫైళ్లు కూడా అందులో తెరుచుకుంటాయి.

ప్రశ్న: మా అభిమాన గాయకుడి కచేరీ వీడియోలోంచి ఫ్రేమ్‌లు తీశాను. మొత్తం ఎర్ర లైట్లు. ఎంత దిద్దినా ముఖం మీద ఎర్ర ముద్దలా ఉంటోంది, కళ్లు ముక్కు తెలియడం లేదు.

జవాబు: ఛానెల్స్ ప్యానెల్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ విడిగా చూడండి. నేను పందెం కాస్తాను, ఎరుపులో ముఖమంతా తెల్లగా చదునుగా ఉంటుంది. ఎర్ర లైటు కింద కెమెరా ఎరుపుని 255 దగ్గర తాకించేసింది. అక్కడ ముక్కు నీడకీ బుగ్గ వెలుగుకీ తేడా నమోదే కాలేదు. నమోదు కానిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. మీరు ఎంతసేపు కర్వ్స్ లాగినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

అయితే ముఖం పూర్తిగా పోలేదు. ఆకుపచ్చ ఛానెల్ చూడండి. చీకటిగా, గరుకుగా ఉంటుంది, కానీ కనురెప్పలు, పెదవుల గీత అందులో ఉంటాయి. ఛానెల్ మిక్సర్‌లో మోనోక్రోమ్ టిక్ పెట్టి ఎరుపుని సున్నాకి దించి, ఆకుపచ్చ 70, నీలం 30 చొప్పున ఇవ్వండి. తర్వాత లెవెల్స్‌తో వెలుతురు పెంచండి. గరుకు చూసి భయపడకండి, నూరు చుక్కలకి దించేటప్పుడు చాలావరకు పోతుందని పైన చెప్పాను. ఈ ఒక్క రకం బొమ్మకి మాత్రం పెద్దగా ఉన్నప్పుడే ఈ పని చేసి తర్వాత దించండి.

ఇప్పుడు మీ చేతిలో నలుపు తెలుపు ముఖం ఉంది. దానికి సహజమైన చర్మం రంగు వేయాలని ప్రయత్నించకండి, బొమ్మ అబద్ధంలా ఉంటుంది. గ్రేడియంట్ మ్యాప్ (నీడ నుంచి వెలుగు దాకా ఒక్కో మెట్టుకి ఒక్కో రంగు ఇచ్చే పనిముట్టు) వేయండి. నీడల్లో ముదురు కుంకుమ రంగు, నడుమ ఇటుక రంగు, వెలుగులో లేత పసుపు. ఆయన నిలబడింది ఎర్ర వెలుగులోనే కదా, ఆ రాత్రి రంగు బొమ్మలో ఉండనివ్వండి. ముఖం తెలిస్తే చాలు.

అదే వీడియోలో లైట్లు మారే క్షణాలు ఉంటాయి. ఎరుపు ఆరి తెలుపు వెలిగే ఆ ఒకటి రెండు ఫ్రేమ్‌ల కోసం ఒక్కో ఫ్రేమే జరుపుకుంటూ వెతకండి. నేను ఒక్క ఫ్రేమ్ కోసం సాయంత్రమంతా కూర్చున్న రోజులున్నాయి. దొరికినప్పుడు ఆ సంతోషం వేరు.

ప్రశ్న: ఐకాన్ మీద ఎర్ర అక్షరాలు రాస్తే అంచులు కారినట్టు వస్తున్నాయి. ఫైలు సైజు పెరుగుతుందని జేపెగ్‌లోనే దాస్తున్నాను.

జవాబు: పీఎన్‌జీలో దాచండి. జేపెగ్ చాలా సందర్భాల్లో వెలుతురుని పూర్తి వివరంతోనూ, రంగుని సగం వివరంతోనూ దాస్తుంది. ఎర్ర అక్షరం అంచు అంతా రంగు తేడానే కాబట్టి అక్కడే కారుతుంది. సైజు భయం కూడా అక్కర్లేదు. నూరు నూర్లు పదివేల చుక్కలు, చుక్కకి మూడు బైట్లు, మొత్తం 30,000 బైట్లు. ఏ కుదింపూ లేకుండానే ఇంత! లైవ్‌జర్నల్ అనే బ్లాగు సైటు రోజుల్లో ఐకాన్‌కి 40 కిలోబైట్ల హద్దు ఉండేది. కదలని నూరు చుక్కల పీఎన్‌జీ దాన్ని దాటడం కష్టం. కదిలే జిఫ్‌లకే ఆ హద్దుతో మా ప్రాణాలు పోయేవి.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో ముఖం చక్కగా ఉంటుంది. స్నేహితుల ఫోన్లలో చూస్తే నీలంగా, జబ్బు మనిషిలా ఉంటుంది. ఎవరి తెర నిజం?

జవాబు: మీరు రాత్రిళ్లు పని చేస్తారా? నైట్ మోడ్ ఆపి చూడండి.

ఇది అడగడానికి కారణం ఉంది. ఒకసారి ఒక పోటీకి ఇరవై ఐకాన్లు చేశాను. రాత్రి పదకొండు నుంచి రెండింటి వరకు, నాలుగు రాత్రులు. కళ్లకి హాయిగా ఉంటుందని తెరని పసుపు చేసే ఆ సెట్టింగ్ వేసే ఉంది. పసుపు తెర మీద ముఖాలు పసుపుగా కనిపించి, ప్రతి బొమ్మలోనూ పసుపు తగ్గిస్తూ పోయాను. మర్నాడు పగలు చూస్తే ఇరవై ముఖాలూ నీలం. గడువు దాటిపోయింది, అలాగే వెళ్లాయి. ఇప్పటికీ ఆ సెట్ తెరవలేను.

అది కాకపోతే కలర్ ప్రొఫైల్ (అంకెలు ఏ రంగుల్ని సూచిస్తాయో చెప్పే గుర్తు) చూడండి. కెమెరా ఫోటోలు కొన్నిసార్లు అడోబీ ఆర్‌జీబీలో ఉంటాయి. దాన్ని పట్టించుకోని చోట అవి వెలిసిపోయి కనిపిస్తాయి. దాచేముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. కన్వర్ట్ అన్నది ఎంచుకోవాలి, అసైన్ కాదు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగులు మారిపోతాయి.

ఎవరి తెర నిజమంటే, ఏదీ పూర్తిగా కాదు. నేను నలుపు నుంచి తెలుపు దాకా పదకొండు బూడిద మెట్లున్న పట్టీ ఒకటి చేసుకుని, పని మొదలుపెట్టే ముందు తెరుస్తాను. అందులో ఏ మెట్టులోనైనా రంగు కనిపిస్తే ఆ రోజు ముఖాల జోలికి పోను.

ప్రశ్న: పాత డీవీడీలోంచి తీసిన ఫ్రేమ్‌లలో ముఖం ఎందుకో వెడల్పుగా ఉంటుంది. కదిలేచోట దువ్వెన పళ్లలా గీతలు కూడా.

జవాబు: కొన్ని డీవీడీల్లో ఫ్రేమ్ 720×480 ఉంటుంది, కానీ ఆ చుక్కలు చదరం కావు. పాత టీవీ ఆకారంలో ఉన్న కార్యక్రమమైతే 640×480కి మార్చండి, ముఖం తన కొలతకి వస్తుంది. 720×576 అయితే 768×576. గీతలకి ఫోటోషాప్ ఫిల్టర్ మెనూలో వీడియో కింద డీ-ఇంటర్‌లేస్ ఉంది. ఇవి రెండూ కత్తిరించే ముందే చేయాలి. గీతలు ముందు తీసి, తర్వాత కొలత మార్చండి. ముందే కొలత మారిస్తే గీతలు మసకబారి ఇక ఊడిరావు.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. నాకిష్టమైన నటి రంగు కాస్త తక్కువ. ఐకాన్‌లో కొంచెం తెల్లగా చేస్తే చాలా అందంగా వస్తోంది, అందరూ మెచ్చుకుంటున్నారు. ఒక స్నేహితురాలు మాత్రం అది తప్పు అంది. అభిమానంతో చేసేదాంట్లో తప్పేముంది?

జవాబు: మొహమాటం పక్కన పెట్టి అడిగినందుకు సంతోషం. నేనూ మొహమాటపడకుండా చెబుతాను. మీ స్నేహితురాలు చెప్పింది నిజం.

మీరు ఆమెని ఇష్టపడింది ఆ ముఖం చూసే. ఆ రంగుతో, ఆ కళ్లతో, ఆ వెలుతురులో. ఆ రంగు తీసేసి ఆమె ఐకాన్ అంటే, అక్కడ ఉన్నది ఆమె కాదు. ఆమె ముక్కు మార్చి పెడితే ఊరుకుంటారా? రంగు కూడా ముక్కు అంత సొంతమైనదే. ఆమెలాంటి రంగున్న పిల్ల ఒకతి ఆ ఐకాన్ చూస్తుంది. అభిమానులు కూడా ఈ రంగుని దిద్దాల్సిన తప్పులా చూస్తున్నారని ఆ పిల్లకి అర్థమవుతుంది. ఈ మాట ఊహించి రాయడం లేదు. పదిహేడేళ్ల వయసులో ఒకరు చేసిన సెట్ చూసి నాకే అర్థమైంది.

మీలాంటి వాళ్లు చాలామంది కావాలని చేయరనీ తెలుసు. పాఠాల మొదటి మెట్టే అలా ఉంటుంది: బొమ్మని రెండుసార్లు డూప్లికేట్ చేసి రెండిటినీ స్క్రీన్ అనే వెలుతురు పెంచే మోడ్‌లో పెట్టండి అని. దాని లెక్క చూడండి. 140, 95, 70 ఉన్న చామనఛాయ బుగ్గ మొదటి స్క్రీన్‌కి 203, 155, 121 అవుతుంది. రెండో దానికి 232, 192, 158. రెండు క్లిక్‌లలో ఆమె వేరే మనిషి అయిపోయింది. వెలుతురు పెంచుదామనుకుని చేశారు, పెరిగింది వెలుతురు ఒక్కటే కాదు. మొదట ఎరుపు నీలానికి సరిగ్గా రెట్టింపు ఉండేది, ఇప్పుడు ఒకటిన్నర రెట్ల దగ్గరికి పడిపోయింది. చర్మంలోని వెచ్చదనం అంతా ఆ తేడాలోనే ఉంది.

బొమ్మ చీకటిగా ఉంటే ఏం చేయాలో చెబుతాను. ఒక్క స్క్రీన్ లేయర్ చాలు, ఒపాసిటీ 30 దగ్గర. తర్వాత కర్వ్స్‌లో పై చివర మాత్రమే కొంచెం ఎత్తండి. ముక్కు మీద, చెంప ఎముక మీద, కింది పెదవి మీద పడిన వెలుగు పెరుగుతుంది, మిగతా చర్మం తన చోట తను ఉంటుంది. చామనఛాయ, నలుపు ముఖాల మీద ఆ వెలుగు చుక్కలు ఎంత అందంగా నిలుస్తాయో! తెల్లటి ముఖం మీద అవి కలిసిపోతాయి. ఇక్కడ ఒక్కొక్కటీ విడిగా మెరుస్తుంది. కంటి తెలుపులో రెండు చుక్కలు పెంచితే ముఖం మొత్తం మేలుకుంటుంది.

అప్పటికీ ముఖం తేలకపోతే వెనక ఉన్నదాన్ని మార్చండి. ఆమె వెనక గోధుమ రంగు గోడో చీకటి తలుపో ఉంటే, నూరు చుక్కల్లో ముఖం అందులో కలిసిపోతుంది. మనం ముఖాన్ని నిందిస్తాం. ఆ గోడని నీలి ఆకుపచ్చ వైపు జరిపి చూడండి. కలర్ మోడ్‌లో ఒక లేయర్, ముఖం మీద మాస్క్, అంతే. గోధుమ వన్నె చర్మం దాని ముందు దీపంలా వెలుగుతుంది. గత నెల నేను చేసిన ఐకాన్లలో నాకు బాగా నచ్చినది ఇలాగే వచ్చింది. ముఖం మీద ఒక్క అంకె కూడా మార్చలేదు, 118, 76, 54 ఎలా ఉందో అలాగే ఉంది.

మెచ్చుకున్నవాళ్లకి ఇలా చేసినది కూడా పక్కన పెట్టి చూపించండి. రెండూ మాకు పంపితే వచ్చే సంచికలో, మీ పేరు లేకుండా, వేస్తాం.

ప్రశ్న: ఒకే కథలోని ఆరు ఐకాన్లు సెట్‌గా చేశాను. ఒకటి పగలు, ఒకటి రాత్రి, ఒకటి వాన. పక్కపక్కన పెడితే ఒక కుటుంబంలా లేవు.

జవాబు: ఆరిటినీ 600×100 ఉన్న ఒకే కాన్వాస్ మీద వరసగా పెట్టండి. అన్నిటి మీదా ఒకే గ్రేడియంట్ మ్యాప్, సాఫ్ట్ లైట్ మోడ్, ఒపాసిటీ 20. ముఖాల మీద మాస్క్ మర్చిపోవద్దు. తర్వాత ఒక్కోదాని నీడ మాత్రం చూడండి. ఆరిటిలోనూ అతి నల్లటి చోటు ఒకే రంగు వైపు మొగ్గితే కన్ను వాటిని ఒక సెట్‌గా ఒప్పుకుంటుంది. పగలు పగలుగా, వాన వానగా ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: ఒకరు పంచిపెట్టిన టెక్స్చర్ (బొమ్మ మీద పరిచే గరుకు, మరకల నమూనా) వాడుకున్నాను, పేరు చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడు చెబితే బాగుంటుందా?

జవాబు: ఇవాళే చెప్పండి. ఐకాన్ ఉన్నచోటే ఒక వాక్యం రాయండి: ఫలానా వారి టెక్స్చర్, ముందు చెప్పడం మరిచాను, క్షమించండి అని. నా టెక్స్చర్ ఒకటి వాడిన అమ్మాయి రెండేళ్ల తర్వాత అలా రాసింది. ఆ రోజే ఆమెకి నా దగ్గరున్న మిగతా పన్నెండు కూడా పంపాను.